మన పటాలు డాట్ కామ్

ఆదివారం ఉదయం దుకాణం తెరిచేలోపు వెబ్‌సైటుకు పేరు రిజిస్టరు చేయించెయ్యాలని పటాల మేస్త్రి అనుకున్నాడు. ఫొటోలకు పటాలు కట్టడం ఆయన వృత్తి. ఆయన చెక్క కోసి, మూలలు కలిపి, అద్దం బిగించాడంటే గోడ పడాలే తప్ప పటం ఊడదు. కానీ జనం ఫొటోలను ఫోన్లలోనే చూసుకోవడం మొదలెట్టాక ఆయన దుకాణంలో ఈగలు తోలుకుంటున్నాడు. "ఇంటర్నెట్లో కనపడకపోతే మనం లేనట్టే లెక్క బావా," అని బావమరిది పోరగా పోరగా ఒప్పుకున్నాడు.

బావమరిది కంప్యూటరు ముందు కూర్చున్నాడు. మేస్త్రి చెప్పిన పేరల్లా అప్పటికే ఎవరో ఒకరు తీసుకున్నారు.

"ఒకరికిచ్చిన పేరు ఇంకొకరికి ఇవ్వకూడదా?"

"ఇవ్వరు బావా. ఫోన్ నంబరు లాంటిది."

"మన వీధిలో ఒకే పేరుగలవాళ్ళు ముగ్గురున్నారు. ఎవరి ఉత్తరం వాళ్ళకే వస్తోంది కదరా?"

చివరికి 'మన పటాలు' అన్నది కుదిరింది. ఇంగ్లీషు అక్షరాల్లోనే, అదీ మధ్యలో ఖాళీ లేకుండా రాయాలట. 'టా' దగ్గర దీర్ఘానికి రెండు 'ఏ'లు పెడదామంటే ఆ పేరు ఇంకెవరో కొనేసి ఉన్నారు. ఒక్క 'ఏ'తో సరిపెట్టారు. టీ ఇవ్వడానికి వచ్చిన మేస్త్రి భార్య తెర మీదికి తొంగిచూసింది.

"మన పాటలా? మనింట్లో పాటలెవరికొచ్చురా?"

"పాటలు కాదక్కా, పటాలు."

"నాకు పాటలనే కనబడుతోంది."

"పక్కన పటాల బొమ్మలు పెడతాంగా. ముందు పేరు చెయ్యిజారకుండా చూద్దాం," అని బావమరిది మీట నొక్కేశాడు. బొమ్మలు పెట్టడానికి మాత్రం తీరిక దొరకలేదు. ఆ పేజీలో పేరూ, 'త్వరలో మీ ముందుకు' అన్న మాటా, సందేశం రాయడానికి ఒక గడీ, అంతే ఉన్నాయి.

రెండోనాడే ఒక సందేశం వచ్చింది. తెలుగే, ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. మేస్త్రి కూడబలుక్కుని చదివాడు: 'మా అమ్మాయికి పటాలు నేర్పుతారా?' ఆయన కడుపు నిండిపోయింది. ఈ పని నేర్చుకుంటామని ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు. 'తప్పకుండా. పాత బట్టలు వేసి పంపండి,' అని జవాబు రాయించాడు.

మర్నాడు సాయంత్రం ఒకావిడ, వెలిసిపోయిన గౌను తొడిగిన కూతురితో, లెక్కల పుస్తకంతో దిగింది. రంపాన్నీ, జిగురు డబ్బానూ అనుమానంగా చూసింది.

"నేర్పేది మీరేనా అండీ?"

"నేనేనమ్మా. ముందు మూలలు కలపడం చెబుతాను."

"జామెట్రీతో మొదలుపెడతారా?"

"నలభై అయిదు డిగ్రీలు తేడా లేకుండా వస్తే మిగతాదంతా దానంతటదే వస్తుంది."

ఇంత సూటిగా పాఠాలు చెప్పేవాణ్ణి తానెక్కడా చూడలేదని ఆవిడ సంతోషంగా పిల్లను అప్పగించి వెళ్ళింది. ఎవరి పొరపాటు వాళ్ళకు తెలియకుండా ఆ వారం గడిచింది.

అప్పుడొచ్చింది రెండో సందేశం. ఒక ఆఫీసు గుమాస్తా రాశాడు. మేస్త్రి చదివింది ఇది: 'శనివారం మా ఆఫీసరుగారి పదవీ విరమణ సభ. ఆయనకు పాత పటాలంటే ప్రాణం. మంచివి ఆరు కావాలి. మీరే స్వయంగా రావాలి. మైకు మేం పెడతాం.'

"పటాలకు మైకెందుకండీ?" అంది భార్య.

"ఏది ఎంత పాతదో నలుగురికీ చెప్పమని కాబోలు."

అటక మీంచి ఆరు పాత పటాలు దింపి, నూనెగుడ్డతో తుడిచి, దుప్పట్లలో చుట్టాడు.

"ఖాళీవేగా ఇవన్నీ?"

"పటాలడిగారు గానీ, అందులో ఎవరుండాలో చెప్పలేదు."

శనివారం బావమరిది స్కూటరు మీద వాటిని తీసుకుని వెళితే, సభ దగ్గర గుమాస్తా ఎదురొచ్చాడు. "రండి, రండి. వాయిద్యాలు విప్పండి, టైమైపోతోంది." దుప్పట్లు విప్పేసరికి ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు.

"పాటలేవండీ?"

"ఇవేగా."

"ఇవి పటాలు."

"నేనూ అదే అంటున్నాను."

"నేను రాసింది పాటలు!"

"నేను చదివింది పటాలండీ."

స్కూటరు సరిగ్గా నిలబెట్టానో లేదోనంటూ బావమరిది బయటికి జారుకున్నాడు. అంతలో మేస్త్రిని వేదిక మీదికి పిలవనే పిలిచారు. గుమాస్తా చేతులు జోడించి, "ఏదో ఒకటి చెయ్యండి బాబూ, నా పరువు మీ చేతుల్లో ఉంది," అన్నాడు.

మేస్త్రికి కూనిరాగం కూడా రాదు. వచ్చిన పనే చేద్దామని మొదటి పటం పైకెత్తాడు. "ఇది టేకుది. మా నాన్న కట్టాడు. ఇందులో ఒక పెళ్ళి ఫొటో ఉండేది. వాళ్ళు పటం కొత్తది చేయించుకుని ఇది మాకొదిలేశారు. భార్యాభర్తలు మాత్రం పాతవాళ్ళే." వెనక ఎవరో నవ్వారు. రెండో పటానికి గొంతు నిలబడింది. నాలుగోదానికి కుర్చీలు ముందుకు జరిగాయి.

ఆరోది అవగానే ఆఫీసరు లేచి వచ్చి మైకు అందుకున్నాడు. గుమాస్తా కళ్ళు మూసుకున్నాడు.

"నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరో పాడుతుంటే మర్యాదకి తలూపాను," అన్నాడు ఆఫీసరు. "ఆ రోజు నుంచి ప్రతి సభలోనూ నాకు పాత పాటలు వినిపిస్తున్నారు. నాకు పాటలు పడవు. ఎవరి మనసూ నొప్పించలేక ఇన్నాళ్ళూ భరించాను. ఈ పెద్దమనిషి పుణ్యమా అని వెళ్ళేరోజైనా హాయిగా కూర్చున్నాను."

ఆరు పటాలూ ఆయనే కొనుక్కున్నాడు. వాటిలో పెట్టించడానికి ఇంట్లో వాళ్ళ ఫొటోలు ఫోన్లోంచి తీయించి పంపుతానన్నాడు. సభలో వాళ్ళు మేస్త్రి చుట్టూ మూగి వెబ్‌సైటు పేరు రాసుకున్నారు. తిరిగొచ్చిన బావమరిది, "పేరు మార్చేద్దామా బావా?" అని నసిగితే, "ఉండనీరా. బొమ్మలు కూడా పెట్టకు," అన్నాడు మేస్త్రి.

ఆఫీసర్లకు ఇష్టమైనవి పటాలేనని గుమాస్తా మనసులో గట్టిగా ముద్రించుకున్నాడు. కొత్తగా వచ్చిన ఆఫీసరు మంచి గాయకుడన్న సంగతి, స్వాగత సభలో ఆయన చేతుల్లో మరో ఆరు పటాలు పెట్టేశాక తెలిసింది.