వైరా తర్వాత తల్లాడ

ఆ పొద్దున మా ఇంట్లో గొడవ బెల్లం డబ్బా మూత దగ్గర మొదలైంది.

"మూత పెట్టిన," అన్నాడు మా ఆయన జంపయ్య.

"పెట్టిండ్రు. తిప్పలే. చీమలు లోపలికి పోయినయ్, బెల్లం బయటికి పోయింది."

"చీమలే తిన్నయేమో."

"అరకిలో బెల్లం ఎత్తుకపోయే చీమలుంటే వాటికే జీను కట్టుండ్రి. గుర్రమెందుకు?"

నేను డిగ్రీ చదివాను, ఇల్లు చూసుకుంటాను, డబ్బాల మూతలు ఆఖరి మర దాకా తిప్పుతాను. మా ఆయన బస్సు కండక్టరుగా చేశాడు. ఖమ్మం నుంచి కొత్తగూడెం దాకా స్టాపులు అరిచి అరిచి పోయినేడు రిటైరయ్యాడు. ఇంట్లో అరవడానికి స్టాపులేమీ లేవు కాబట్టి నోరు మూసుకుని గోడ చూస్తూ కూర్చునేవాడు. ఒకరోజు వైరా పోయి, పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు కిరాయికిచ్చే దూలయ్య దగ్గర ఒక ఆడగుర్రాన్ని కొనుక్కొచ్చాడు. బ్యాండు మొదలవగానే పెళ్లికొడుకుతో సహా వెనక్కి నడవడం దాని అలవాటు. మా ఆయన దానికి 'లగ్జరీ' అని పేరు పెట్టాడు.

ఫోనులో చూసి దానికి డ్రెసాజ్ నేర్పుతానన్నాడు. అందులో గుర్రం ఎగరక్కర్లేదు, ఉరకక్కర్లేదు. మైదానం అంచుల్లో అక్షరాల బోర్డులుంటాయి. చెప్పిన బోర్డు దగ్గర చెప్పినట్టు తిరగాలి, ఆగాలి, కదలాలి. చెప్పిన మాట వినడమే ఆట. మా ఇంట్లో ఎవరికీ లేని విద్య.

ఈలోగా లగ్జరీ నా గోంగూర మడి రెండుసార్లు మేసింది. దాన్ని సాగనంపడానికి నేనొక ఉపాయం ఆలోచించాను. ఖమ్మం దగ్గర ఒక మైదానంలో కొత్తగా నేర్చుకునేవాళ్లకు పరీక్ష పెడుతున్నారు.

"దాని మీద కూసోని పరీక్ష మొత్తం పూర్తి చేస్తే గుర్రం ఉంటది. లేకుంటే దూలయ్యకు వాపసు," అన్నాను, మా అత్తమ్మ భారతమ్మ వింటుండగా.

నా ధైర్యం నాకుంది. ఆయనకు లగ్జరీ అంటే ప్రాణం, దాని మీదికి ఎక్కడమంటే ప్రాణభయం. మొదటి రోజు ఎక్కితే అది వెనక్కి నడిచి నడిచి ఆయన్ని గడ్డివాముకు ఆనించి వదిలేసింది. అప్పటి నుంచి తాడు పట్టుకుని పక్కన నడుస్తున్నాడు.

"ఎప్పుడెక్కుతరు?"

"దానికింక భయం పోలే."

"దానికా?"

తాడు చుట్ట చుట్టి లోపలికి పోయాడు. కానీ మర్నాడు ఎక్కాడు.

పెరట్లో నాలుగు మూలలా నాలుగు రంగు డబ్బాలు పెట్టాడు. ఇంగ్లీషు అక్షరాల వరుస గుర్తుండక వాటి మీద వైరా, తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు అని రాసుకున్నాడు. ఓపికగా రోజూ ఎక్కేవాడు. ఎక్కగానే బిగుసుకుపోయేవాడు. ఆయన్ని చూసి అదీ బిగుసుకునేది. ఇద్దరూ కలిసి కూడలిలో విగ్రహంలా ఉండేవాళ్లు.

నేను అరుగు మీద చింతపండు గింజలు తీస్తూ చూసేదాన్ని. ఎదురుగా తప్పు జరుగుతుంటే ఊరుకోలేకపోవడం నాకున్న రోగం.

"ఊపిరి బిగబడుతున్నరు. అందుకే అది ఆగుతుంది. ఏదన్న మాట్లాడుండ్రి, ఊపిరి అదే వస్తది."

"గుర్రంతోని ఏం మాట్లాడాలె?"

"బస్సుల ఏం మాట్లాడేటోళ్లు?"

ఆయన గొంతు సవరించుకున్నాడు. "వైరా! వైరా దిగేటోళ్లు ముందుకు రావాలె!"

లగ్జరీ చెవులు వెనక్కి తిప్పి విని, నడిచింది. వైరా డబ్బా దగ్గర మెత్తగా ఆగింది. "రైట్ రైట్" అంటే కదిలింది. కొన్నాళ్లకు ఏన్కూరు దగ్గర చక్కగా గుండ్రం తిరుగుతోంది. ఇంట్లో మళ్లీ ఆయన గొంతు వినబడుతోంది. నా పందెంలో నేనే ఎదుటి జట్టుకు సాయం చేశానని అప్పటికి గాని నాకు తట్టలేదు.

అయితే పరీక్ష నియమాలు చదివింది ఇంట్లో నేనొక్కదాన్నే. స్వారీ చేసేవాడు నోరు మెదపకూడదని అందులో ఉంది. అడిగితే చెప్పేదాన్ని. ఎవరూ అడగలేదు.

పరీక్ష రోజు లగ్జరీని ట్రాలీలో ఎక్కించుకుపోయాం. టోపీ పెట్టుకున్న జడ్జిగారు మా ఆయనతో అన్నారు: "మీరు మాట్లాడొద్దు. తర్వాత ఎటు పోవాలో బయటి నుంచి ఎవరైనా పిలిచి చెప్పొచ్చు. మూడోసారి దారి తప్పితే మాత్రం బయటికే."

మా ఆయనది చెకింగ్ వచ్చినప్పుడు టికెట్ లేని మనిషి మొహం అయిపోయింది. నా వైపు చూశాడు. నేను కొంగు అంచు చూసుకుంటున్నాను.

అత్తమ్మ కుర్చీలోంచి లేచింది. "నేను పిలుస్త."

మైదానం మూలల్లో ఏ అక్షరమున్నా ఆయన లెక్కలో అవి ఆ నాలుగు ఊళ్లే. "వైరా!" అంది అత్తమ్మ. తల్లి గొంతు వినగానే ఆయన ఊపిరి వదిలాడు, లగ్జరీ నడిచింది. "జూలూరుపాడు!" అంది అత్తమ్మ. ఆయన తల్లి మాట దాటడు. తల్లాడ వదిలేసి నేరుగా అటే పోయాడు. గంట మోగింది. ఒక తప్పు.

మళ్లీ మొదటి నుంచి. "వైరా! ఏన్కూరు!" మళ్లీ గంట.

ఇంకొక్క గంట చాలు. నేను చేయాల్సింది ఏమీ లేదు, కూర్చుంటే గోంగూర నాది. గుర్రం మీద ఆయన భుజాలు చెవుల దాకా లేచాయి. లగ్జరీ వెనక్కి ఒక అడుగు వేసింది.

"వైరా!" అంది అత్తమ్మ. తర్వాత ఎందుకో నా వైపు చూస్తూ "కొ...త్త..." అని సాగదీసింది.

"వైరా తర్వాత తల్లాడ, అత్తమ్మా!"

అరిచింది నేనే. లేచి నిలబడి మరీ అరిచాను. లగ్జరీ వెంటనే తల్లాడ వైపు తిరిగింది. ఆ తర్వాత ఆగడం నా వల్ల కాలేదు. ఏన్కూరు కాడ గుండ్రం, జూలూరుపాడు కాడ హోల్డాన్, జడ్జిగారికి నమస్కారం, అన్నీ వరుసగా పిలిచాను. చూసేవాళ్లలో ఒకరిద్దరు దిగడానికి సంచులు సర్దుకున్నారు కూడా.

అందరికంటే చివరి స్థానం వచ్చింది. కానీ పూర్తయింది.

ఆ సాయంత్రం అన్నాలకు కూర్చున్నప్పుడు అత్తమ్మ చెప్పేసింది. "లగ్జరీ ఉంటది. దినాం పొద్దుగాల సుజన పిలుస్తది, వీడు తిప్పుతడు."

"నేనెందుకు? మీరే పిలవచ్చు కద అత్తమ్మా."

"నాకు స్టాపులు తెల్వయాయె."

నేను గరిటె కింద పెట్టాను. "మీ తల్లిగారి ఊరే తల్లాడ కదా!"

"అవ్," అంది అత్తమ్మ, ముద్ద కలుపుకుంటూ. "రిటైరైనంక వీడు మళ్ల నోరిప్పింది దాని మీద కూసున్నంకనే. ఎట్ల పోనిస్త? నువ్వు మొదటి తప్పుకే లేస్తవనుకున్న. రెండు దాకా ఓపిక పట్టినవ్, బిడ్డా. మస్తు భయపెట్టినవ్."

మా ఆయన పళ్లెంలోకి చూస్తూ నవ్వు ఆపుకుంటున్నాడు. నేను పప్పు వడ్డించుకుని రుచి చూశాను. ఉప్పు సరిగ్గా ఉంది. తప్పు పట్టడానికి అదీ దొరకలేదు.