అత్తగారి ఫోటో మీద మృత్యువు

ఆ రోజు ఉదయం రచయిత్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. షూటింగ్ మొదలయ్యే లోపే స్టూడియోకి వెళ్ళాలి, తన గదిలో తలుపు వేసుకుని కూర్చోవాలి, ఒక్క పేజీ కథ రాసుకోవాలి. సీరియల్ కోసం కాదు, తన కోసం. ఆ పేజీ రాస్తున్నప్పుడు వెనకటిలా సంతోషం కలిగితే సీరియల్‌కి స్వస్తి చెప్పేస్తుంది. కలగకపోతే నోరు మూసుకుని మరో మూడేళ్ళు రాస్తుంది. కొత్త ఒప్పందం మూడేళ్ళకి, రాస్తారా మానేస్తారా, సాయంత్రానికల్లా తేల్చి చెప్పమని నిర్మాత ముందు రోజే గడువు పెట్టాడు.

ఆ సంతోషం ఎలా ఉండేదో ఆమెకు బాగా గుర్తుంది. చదువుకునే రోజుల్లో కథ రాస్తూ తనలో తనే పకపకా నవ్వుకునేది. వంటింట్లోంచి తల్లి పరుగున వచ్చి నుదురు ముట్టుకుని చూసేది. ఆ జ్వరం ఎప్పుడు తగ్గిందో తెలియదు కానీ పూర్తిగా తగ్గిపోయింది. ఏళ్ళ తరబడి రోజుకో ఎపిసోడ్ రాసి రాసి, రాయడమంటే అంట్లు తోమడంలా తయారైంది. ఎన్ని తోమినా మర్నాటికి సింకు మళ్ళీ నిండే ఉంటుంది. కోడలు మాట్లాడుతుంటే అత్తగారు తలుపు చాటు నుంచి వినే సన్నివేశం ఎన్నిసార్లు రాసిందో ఆమెకే లెక్క తెలియదు. ఈ మధ్య ఆమెకు కోడలి మీద కన్నా ఆ తలుపు మీదే ఎక్కువ జాలి కలుగుతోంది.

ఈ అవస్థ చూడలేక తమ్ముడి భార్య జోస్యానికి వాడే టారో బొమ్మకార్డుల పెట్టె ఒకటి తెచ్చి చేతిలో పెట్టింది. మరదలు ఏ విద్యనైనా ఫోనులోనే నేర్చుకుంటుంది. ఈత కూడా అలాగే నేర్చుకుంది, నీళ్ళలోకి మాత్రం ఇంతవరకు దిగలేదు.

"జాతకాలు చెప్పడానికి కాదు వదినా, కథకి. ఒక్కో ప్రశ్నకి ఒక్కో కార్డు తియ్యి. కథ ఎవరిది? వాళ్ళకేం కావాలి? ఏది అడ్డం? చివరికి ఏమవుతుంది? బొమ్మ చూసి ఏది తోస్తే అది రాసెయ్. మంచీ చెడ్డా చూసుకోకు."

"ఏమీ తోచకపోతే?"

"ఇంకోటి తియ్యి. మీ ప్రొడ్యూసర్ కన్నా నయమేగా, తిట్టదు."

రచయిత్రి గది పేరుకే గది. వాడేసిన తెరలు, కాళ్ళు విరిగిన సోఫాలు, ఒకప్పుడు ఆసుపత్రి సీనులో వాడిన మంచం, వాటి మధ్య ఒక బల్ల, పైన తిరగని ఫ్యాను. బల్ల మీద గాజుపలక, పలక కింద నటీనటుల ఫోటోలు వంశవృక్షంలా అమర్చి ఉంటాయి. సీరియల్ ఇంతకాలం సాగాక ఎవరు ఎవరి బిడ్డో, ఎవరికి ఎవరితో పెళ్ళయిందో, ఎవరు చనిపోయి తిరిగొచ్చారో గుర్తుపెట్టుకోవడం మామూలు మనిషి వల్ల కాదు. అందుకని చేసుకున్న ఏర్పాటు అది. మధ్యలో సీరియల్లో కనబడే ఇంటి ఫోటో కూడా ఉంది. ఏళ్ళుగా చూసి చూసి ఆ ఫోటోలు ఆమె కంటికి ఆనడం మానేశాయి. అసలు చిక్కంతా అక్కడే మొదలైంది.

ఆమె కార్డులు కలిపి, కళ్ళు మూసుకుని, నాలుగు ప్రశ్నలకు నాలుగు తీసి పలక మీద పరిచింది. మొదటిది మృత్యువు, తెల్లగుర్రం ఎక్కిన అస్థిపంజరం. రెండోది ఒంటికాలితో తలకిందులుగా వేలాడుతున్న మనిషి. మూడోది సూర్యుడు, ఆ ఎండలో గుర్రం మీద నవ్వుతున్న పసివాడు. నాలుగోది పిడుగు పడి కూలుతున్న బురుజు. రచయిత్రి పెన్ను పట్టుకుని వాటికేసి చూసింది. అవీ ఆమెకేసి చూశాయి. అంతలో అత్తగారు తలుపు తోసుకుని లోపలికి వచ్చింది.

ఆ సెట్లో సొంత పేర్లు ఎవరికీ గుర్తులేవు, అందరూ పాత్రలతోనే పిలుచుకుంటారు. అత్తగారికి ఇంకా పెళ్ళి కాలేదు. ఆమె పెద్దకొడుకు ఆమెకన్నా వయసులో పెద్ద, అయినా క్యాంటీన్లో ఎదురుపడితే "అమ్మా, ఆ ఉప్పు ఇటివ్వు" అంటాడు.

"రైటర్ గారూ, ఇవాళ నా డైలాగు..." అంటూ బల్ల మీదకు వంగిన అత్తగారు అలాగే బిగుసుకుపోయింది. అస్థిపంజరం సరిగ్గా ఆమె ఫోటో మీద కూర్చుని ఉంది.

"చంపేస్తున్నారా?"

"అయ్యో, అది మీ గురించి కాదండీ! నా సొంత కథ."

"నా మొహం మీద మీ సొంత కథేంటండీ?"

రచయిత్రి అప్పుడు చూసింది ఏ కార్డు ఎక్కడ పడిందో. మరదలి పాఠం గుర్తు తెచ్చుకుని, "ఈ కార్డుకి అర్థం చావు కాదటండీ. మార్పు అట," అంది ధైర్యం చెబుతున్నట్టు.

సీరియల్ నటుల బతుకే వేరు. రేపు తాము ఉంటామో ఊడతామో వాళ్ళకు తెలియదు. తెలిసిన మనిషి మాత్రం ఎదురుగా కూర్చుని టీ తాగుతూ ఉంటుంది. అందుకని ఆమె తుమ్మినా దానికో అర్థం వెతుక్కుంటారు. అలాంటి చోట మార్పు అనే మాట చావుకన్నా చెడ్డది.

"మార్పా!" అంది అత్తగారు. "అంటే అత్తగారు ఉంటుంది, నేనుండను. 'ఇకనుంచి ఈ పాత్రలో ఫలానా వారు' అని కింద అక్షరాలు వేసేస్తారు. అంతేగా? దానికన్నా చంపెయ్యండి, పుణ్యముంటుంది!"

అని ఆరున్నొక్క రాగం అందుకుంటూ మేకప్ గదిలోకి వెళ్ళింది. ఆ గదిలోకి వెళ్ళిన మాట చిలవలు పలవలతో తప్ప బయటికి రాదు. ఒక్క నిమిషంలో పెద్దకొడుకు సగం మేకప్‌తో, అంటే ఒక చెంప తెలుపు ఒక చెంప నలుపుగా, వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. అతని ఫోటో మీద మనిషి వేలాడుతున్నాడు.

"నాకు ఉరా రైటర్ గారూ?"

"కాదండీ! ఊరికే వేలాడటం. ఓపిగ్గా వేచి ఉండటం అని అర్థమట."

"వేచి ఉండటమా? ఇన్నాళ్ళూ కోమాలో పడుకుని పోయినవారమేగా లేచాను! మళ్ళీ పడుకోమంటారా? మీ నాన్న ఏం చేస్తాడురా అని స్కూల్లో అడిగితే మావాడు 'పడుకుంటాడు' అని చెప్పొచ్చాడండీ!"

అతని వెనకే కోడలు వచ్చింది. తన ఫోటో మీద నవ్వుతున్న పసివాణ్ణి చూసి గోడకు చేరగిలబడిపోయింది.

"బిడ్డా? నాకా? అయిపోయింది. ఆర్నెల్లు తిరక్కుండా ఆ బిడ్డని పెద్ద చేసేస్తారు, పెళ్ళి చేసేస్తారు, నన్ను అత్తని చేసి తలుపు చాటున నిలబెట్టేస్తారు."

రచయిత్రి కార్డులు తీసెయ్యబోయింది. అప్పటికి తిరిగొచ్చిన అత్తగారితో సహా ముగ్గురూ ఒక్కసారే ఆమె చేతులు పట్టుకున్నారు. ఇవి తీసేస్తే వీటికన్నా ఘోరమైనవి పడతాయేమోనని వాళ్ళ భయం. ఈ పెనుగులాటలో ఉండగానే దర్శకుడి దగ్గర్నుంచి పిలుపు వచ్చింది, కథ మారుస్తున్నారట, నాకో మాట చెప్పొద్దా అని. తల ప్రాణం తోకకొచ్చినంత పనై, ఆమె కార్డులను అలాగే వదిలి ఆయనకు సర్దిచెప్పడానికి పరుగెత్తింది. వదిలి వెళ్ళకుండా ఉండాల్సింది.

ఎందుకంటే ఆమె అటు వెళ్ళగానే సెట్లు వేసే మేస్త్రీ ఏదో సోఫా కోసం ఆ గదిలోకి వచ్చాడు. నాలుగో కార్డు, కూలుతున్న బురుజు, ఇంటి ఫోటో మీద ఉంది. మేస్త్రీకి ఆ ఇల్లంటే పాత పగ. ముఖ్యంగా అందులో మెట్లంటే. ఆ మెట్లు పైకి వెళ్ళి ఎక్కడికీ చేరవు. పై అంతస్తుకు వెళ్ళే నటులంతా చివరి మెట్టు దాటి గోడ వెనక గొంతుక్కూర్చుంటారు. వాటిని పీకేసి కొత్తవి వేస్తానని ఆయన ఎన్నిసార్లు బతిమాలినా ఎవరూ చెవిన పెట్టలేదు. ఇన్నాళ్ళకు కథే తన మొర ఆలకించిందనుకున్నాడు. రెండోసారి ఎవర్నీ అడగలేదు.

"కథేం మారడం లేదండీ, అవి నా సొంత..." అని రచయిత్రి దర్శకుడికి చెబుతూ ఉండగానే ఫెళఫెళమని చప్పుడైంది. దుమ్ము కాస్త తగ్గాక చూస్తే హాలు గోడ లేదు, మెట్లు లేవు. తలుపు ఒక్కటే దేని ఆధారమూ లేకుండా నిలబడి ఉంది. పక్కన సుత్తి పట్టుకుని మేస్త్రీ, పండగలా వెలిగిపోతున్నాడు.

సరిగ్గా అప్పుడే నిర్మాత వచ్చాడు. ఆయన వచ్చింది రచయిత్రి నోట అవునో కాదో వినడానికి. కనిపించింది వేరు. అత్తగారు సోఫా మీద చచ్చిపోవడం ప్రాక్టీసు చేస్తోంది. పోయేటట్టయితే తన తర్వాత ఆ పాత్ర మరొకరు వేయలేనంత గొప్పగా పోవాలని ఆమె పట్టుదల. పెద్దకొడుకు కోమాకన్నా ఉరే మేలని తీర్మానించుకుని, లైట్లవాళ్ళను బతిమాలి, ఒక కాలికి తాడు కట్టించుకుని పైనున్న కడ్డీకి తలకిందులుగా వేలాడుతున్నాడు. కోడలు ఎవరో ఇచ్చిన గుడ్డబొమ్మ బిడ్డను ఎవరికి అంటగట్టాలా అని సెట్టంతా తిరిగి, చివరికి నిర్మాత చేతుల్లోనే పెట్టేసింది.

"ఇల్లేదయ్యా?" అన్నాడు నిర్మాత బిడ్డను ఎత్తుకునే.

"కార్డులో ఉంది సార్," అన్నారు అందరూ ఒక్క గొంతుతో.

రచయిత్రికి భూమి చీలి అందులో దిగిపోతే బాగుండుననిపించింది. జరిగిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పింది. నిర్మాత గడియారం చూసుకున్నాడు.

"రేపటి ఎపిసోడ్ సాయంత్రానికి ఛానల్‌కి పంపకపోతే మన సీరియల్ కూడా ఇలాగే కూలుతుందమ్మా. ఇల్లు కట్టే టైము లేదు. ఏం చేస్తారో నాకు తెలీదు, ఉన్నవాటితోనే రాయండి."

ఉన్నవి ఒక శవం, తలకిందుల మనిషి, అనాథ బిడ్డ, గోడలేని తలుపు. ఆలోచించడానికి వ్యవధి లేదు, బాగుందో లేదో చూసుకోవడానికి అసలే లేదు. రచయిత్రి కూలిన మెట్ల మీద కూర్చుని తోచింది తోచినట్టు రాయడం మొదలుపెట్టింది. ఏళ్ళ తరబడి అత్తగారు చెవి ఆనించి ఆనించి ఆ గోడ అరిగిపోయి ఒక్కసారిగా కూలింది. ఆవిడను తీసుకుపోవడానికి మృత్యువు గుర్రం మీద వచ్చాడు. వచ్చినవాడు తన గుర్రంతో ఏదో సొంత గోడు చెప్పుకుంటుంటే, చచ్చిన అత్తగారు తలుపు చాటు నుంచి అదంతా వినేసింది. ఆ రహస్యం నలుగురిలో పెట్టేస్తానని ఆవిడ బెదిరించేసరికి, మృత్యువు నీళ్ళు నమిలి, ఆవిడ ప్రాణం ఆవిడకిచ్చేసి గుర్రం దిగి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

అక్కడికొచ్చేసరికి రచయిత్రికి నవ్వొచ్చింది. మొదట పెదవి బిగించుకుంది. తర్వాత ఆపుకోలేకపోయింది. పైన వేలాడుతున్న పెద్దకొడుకు ఏమైందండీ అని అడిగితే, "తలకిందులైతే తప్ప ఈ ఇంట్లో ఏదీ సరిగ్గా కనబడదు" అనే మాట అతని నోట్లో పెట్టి ఇంకా నవ్వింది. శిథిలాల్లో దొరికిన బిడ్డను నాది కాదంటే నాది కాదని అందరూ తోసేస్తుంటే అత్తగారే ఎత్తుకుంది, తన తర్వాత వినడానికి ఒక మనిషి కావాలి కదా అని. కళ్ళు తుడుచుకుంటూ రాసింది. ఇన్నేళ్ళుగా ఏది పోయిందని కుమిలిపోయిందో అది ఈ దుమ్ములోనే, ఈ సీరియల్లోనే దొరికినందుకు ఆమెకు పట్టరాని ఆనందం కలిగింది.

షూటింగ్ ఎలా సాగిందో చెప్పనక్కర్లేదు. అత్తగారు చచ్చి బతికిన తీరుకు లైట్లవాళ్ళు చప్పట్లు కొట్టారు. నిర్మాత పొట్ట పట్టుకుని నవ్వాడు. ఎపిసోడ్ ఛానల్‌కి వెళ్ళిపోయాక రచయిత్రి ఆయన దగ్గరికి గబగబా వెళ్ళింది.

"నేను రాస్తాను సార్. మూడేళ్ళు కాదు, ఆరేళ్ళయినా రాస్తాను."

నిర్మాత ఇబ్బందిగా కదిలాడు. "అదే చెబుదామనుకుంటున్నానమ్మా. ఇంక మీకా శ్రమ అక్కర్లేదు." ఆయన చేతిలో టారో కార్డుల పెట్టె ఉంది.

"అంటే?"

"మీరే ఆలోచించండి. ఇన్నేళ్ళు మీరు రాశారు, మనం ఆ తలుపు చాటు దాటి బయటికి రాలేదు. ఇది వచ్చి ఒక్క పూటయింది, చూడండి!"

"రాసింది నేనండీ!"

"కాదన్నానా? రాయడందేముందమ్మా, ఎవరైనా రాస్తారు. తోచాలి కదా! తోచింది దీనికి." ఆయన పెట్టెను ఆప్యాయంగా నిమిరాడు. "రోజూ పొద్దున్నే డైరెక్టర్ గారు నాలుగు కార్డులు తీస్తారు, ఉన్నవాళ్ళలో ఎవరో ఒకరు రాసేస్తారు. మీ గదే ఇస్తున్నాం దీనికి. ఆ ఫ్యాను కూడా బాగుచేయిస్తున్నాను, అట్టముక్కలు కదా, ఉక్కకి మెత్తబడతాయి."

ఫ్యాను బాగుచేయించమని ఆమె అడగని నెల లేదు. తన సంచీ తెచ్చుకోవడానికి గదికి వెళితే, అప్పటికే పెట్టెను ఆమె కుర్చీలో కూర్చోబెట్టారు. గుమ్మం దగ్గర అత్తగారూ పెద్దకొడుకూ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. కోడలు జుట్టు సర్దుకుంటోంది, పెట్టె చూస్తుందేమోనని.

బస్సెక్కేసరికి రచయిత్రి కడుపు మండిపోతోంది. సంతోషం దొరికిన రోజే ఉద్యోగం పోయింది. దొరకకపోయి ఉంటే మూడేళ్ళకి ఢోకా లేకపోయేది. ఇదెక్కడి న్యాయమని కిటికీ అద్దాన్ని నిలదీసింది. అద్దం కిక్కురుమనలేదు. ఇంతలో, పెట్టెకి కోపమొస్తే ఏం చేస్తుంది అనే ఆలోచన వచ్చింది. జీతం పెంచమని అది ఎలా అడుగుతుంది? సెలవు పెడితే దానికి బదులు ఎవరొస్తారు, పేకముక్కలా? ఆమె ఫోను తీసి మొదటి వాక్యం కొట్టింది. దాని వెనకే రెండోది వచ్చింది, మూడోదానికి పక్క సీటావిడ కాస్త దూరం జరిగింది. నాలుగో పేరాలో ఉండగా మరదలు ఫోన్ చేసింది.

"ఎక్కడున్నావు వదినా? ఇంతసేపైందేం?"

"స్టాపు దాటిపోయానే. కథ రాస్తూ చూసుకోలేదు."

"నిజంగానా? నవ్వొచ్చిందా?"

"బస్సంతా నాకేసే చూస్తోంది."

"చెప్పానా నేను! సరే, కార్డులు జాగ్రత్త వదినా, రేపు నాకు కావాలి. నీ సంచీలోనే ఉన్నాయిగా?"

"లేవే," అంది రచయిత్రి. "వాటికి ఉద్యోగం వచ్చింది."