యాకూబ్ గీసిన పులి

ఆ ఆదివారం టైర్ల దుకాణం బోర్డుకు రెండో కోటింగు వేసి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి పలావు తిని పడుకోవాలన్నది అజీముద్దీన్ పథకం. ఫ్లెక్సీలు వచ్చాక బెల్లంపల్లిలో చేత్తో బోర్డు రాయించుకునేవాళ్ళు ఏడాదికి నలుగురు కూడా దొరకడం లేదు. దొరికినవాణ్ణి జారవిడుచుకోకూడదు. కానీ బ్రష్షు నానబెట్టి కూర్చున్నాడే గానీ ఆయన చూపంతా భార్య చేతిలోని పుస్తకం మీదే ఉంది.

ఆ పుస్తకం పేరు 'నల్లచారలు'. ఒంటినిండా పులిచారలు గీయించుకున్న మనిషొకడు అట్ట మీద వీపు చూపిస్తూ నిలబడ్డాడు. కింద 'ప్రఖ్యాత చిత్రకారుడు ఓంప్రకాశ్ జీవితం ఆధారంగా అల్లిన నవల' అని ఉంది. ఈ ఓంప్రకాశ్ ఒకప్పుడు అజీముద్దీన్‌తో పాటు ఒకే డబ్బాలో బ్రష్షు ముంచినవాడు. తర్వాత బొంబాయి వెళ్ళి, పెద్ద పేరు సంపాదించి, నిరుడు పోయాడు. పేపర్లో అతని ఫొటో వచ్చిన రోజల్లా అజీముద్దీన్‌కు అన్నం సయించేది కాదు. అతను పోయాక కాస్త ఆకలి వేయడం మొదలైంది. ఇంతలో ఈ నవల వచ్చిపడింది.

రిటైరైన తెలుగు టీచరు బిల్కీస్ దాన్ని వారం నుంచి చదువుతోంది. చదివిన పేజీలే మళ్ళీ చదువుతోంది. మధ్యలో తలెత్తి మొగుడి వంక అదోలా చూస్తోంది. ఓంప్రకాశ్ గొప్పతనంతో తనను పోల్చి చూస్తోందని అజీముద్దీన్ కడుపు మండిపోయింది. ఆ పుస్తకాన్ని ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. ఒట్టు లేకపోయినా, జన్మంతా బోర్డులు రాసిన మనిషికి జానెడు కంటే చిన్న అక్షరాలు చదివే ఓపిక ఎక్కడిది!

"సాదియా అబ్బా, మీకు యాకూబ్ అనేటోడు ఎర్కనా?" అని మొగుణ్ణి ఎప్పటిలా కూతురి పేరుతో పిలిచి అడిగింది బిల్కీస్.

"యాకూబా? ఎవడు వాడు?"

"గీ నవలల ఉన్నడు తియ్యుండ్రి. సరే గని, మిషన్ కాంపౌండ్ గేటుకు మీరు ఎన్నిసార్లు రంగేసిండ్రు?"

"ఆరుసార్లు!" అజీముద్దీన్ రొమ్ము విరుచుకున్నాడు. "గిప్పటికీ పెచ్చు లేవలే. ఏంది, గది గూడ వాడే వేసిండని రాసిన్రా?"

"ఏం లే," అని బిల్కీస్ పేజీ తిప్పింది. కొంచెం గట్టిగానే తిప్పింది.

ఆయనకు అసలు మంట అట్ట మీది బొమ్మతోనే. వయసులో ఉన్నప్పుడు ఒక పీరీల పండుగకు బొగ్గుబావి కార్మికుడు బాలమల్లు పులివేషం మొక్కుకుంటే, అతని ఒంటి మీద చారలు గీసింది ఓంప్రకాశ్ కాదు, అజీముద్దీన్. ఆ పులి బజార్లో నడిచొస్తే పిల్లలు గోడలెక్కారు, ఒక బర్రె తాడు తెంచుకుని పరుగెత్తింది. రాసిన బోర్డులన్నీ ఫ్లెక్సీల వెనక మాయమయ్యాయి. తనదని చెప్పుకోవడానికి మిగిలింది ఆ ఒక్క పులే. దాన్ని కూడా చచ్చినవాడు ఎత్తుకుపోతే ఇంక తాను జన్మంతా ఏం గీసినట్టు?

పదకొండింటికి కమ్యూనిటీ హాల్లో ఆ నవల మీద సభ ఉంది. రాసిన వందన కరీంనగర్ నుంచి వస్తోంది.

"బేగం, నువ్వు మీటింగుకు ముందు నడువు. నేను సాక్ష్యం తీస్కొని వస్త," అని అజీముద్దీన్ రంగు డబ్బాలు పట్టుకుని లేచాడు.

సాక్ష్యం తన ఇంటి ముందు మంచంలో కూర్చుని బీడీ తాగుతోంది.

"బాలమల్లన్నా, అంగి ఇప్పు."

"ఎందుకు భాయ్?"

"పులిని గీస్త. గా చారలు ఎవని చెయ్యో ఊరంత చూడాలె."

"గప్పుడంటె నడుము సన్నగుండె. గిప్పుడు పొట్ట వచ్చె గద?"

"పులి తిని వచ్చిందనుకుంటరు. ఇప్పు."

అప్పట్లో బంకలో కలిపిన పొడి రంగులు వాడాడు. ఇప్పుడు చేతిలో ఉన్నది టైర్ల బోర్డు కోసం కొన్న ఎనామిల్. వాసన చూసి బాలమల్లుకు అనుమానం వచ్చింది.

"భాయ్, గిది కడిగితె పోతదా?"

"నేను వేసిన రంగు ఎన్నడన్న పోయిందా?" అన్నాడు అజీముద్దీన్ గర్వంగా. అది తను అడిగినదానికి జవాబు కాదని బాలమల్లుకు తెలిసేలోగా మెడ దాకా పసుపైపోయాడు.

రంగు ఆరలేదు, టైము ఆగలేదు. బాలమల్లు రెండు చేతులూ బార్లా చాపి స్కూటరు వెనక కూర్చున్నాడు. సగం దూరం పోయాక "జర ఆపు భాయ్" అని తుమ్మ పొదల్లోకి వెళ్ళాడు. ఆ పక్కనే మేకలు కాస్తున్న శంకరవ్వకు ఆకుల సందున చారలు కనబడ్డాయి. అసలే ఆసిఫాబాద్ వైపు నుంచి పులి ఒకటి ఇటు దిగిందని నాలుగు రోజులుగా అందరూ బుగులుతో ఉన్నారు.

"వామ్మో, పులీ!" అని ఆమె మేకల్ని వదిలి, ఫోను మాత్రం వదలకుండా పరుగెత్తింది. కబురు హాలుకు చేరేసరికి పులికి రెండు పిల్లలు పుట్టాయి. ఒక మేకను తినడం కూడా అయిపోయింది. సభలోవాళ్ళు తలుపులు బిగించి గడియ పెట్టుకున్నారు.

అజీముద్దీన్ వచ్చి తలుపు బాదాడు.

"ఎవలు?" అంది లోపలి నుంచి ఒక వణుకు గొంతు.

"నేను, అజీముద్దీన్‌ను."

"బయట పులి తిరుగుతున్నదట, ఉరుకు!"

"ఎర్కనే. నేనే తీస్కొచ్చిన. తలుపు తియ్యుండ్రి!"

లోపల కుర్చీలు పడ్డాయి. ఎవరో ఏడుపు అందుకున్నారు.

"ఫికర్ చెయ్యకుండ్రి! జర తడిగున్నది, ముట్టకుంటె సాలు!"

చివరికి బిల్కీస్ కిటికీ రెక్క తీసి చూసి, "తలుపు తియ్యుండ్రి. గది మా ఆయన పనే," అంది.

బాలమల్లు లోపలికి నడిచాడు. నడుస్తుంటే పొట్టతో పాటు చారలు కదిలాయి. హాలు హాలంతా నోరు తెరిచింది. అజీముద్దీన్ వేదికెక్కి మైకు అందుకున్నాడు.

"గీ పులిని గీసింది ఓంప్రకాశ్ కాదు, నేను! అల్లాకు ఎర్క, గీ మల్లన్నకు ఎర్క!"

వందన లేచి నిలబడింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"సార్... యాకూబ్ అంటె మీరేనా? ఓంప్రకాశ్ గీసిండని నేను ఎక్కడ రాయలే. యాకూబ్ గీసిండనే రాసిన. గా పులిని చూసి ఓర్వలేక రెండు రోజులు అన్నం తినలేదని ఓంప్రకాశ్ సారే నాకు చెప్పిండు. గట్లాంటిది తనతోని కాదని తెలిసే ఊరిడిచి పోయిండట. మీ అసలు పేరు మాత్రం ఎంత అడిగినా చెప్పలే. చెప్పబుద్ధి అయితలేదన్నడు."

అజీముద్దీన్ మైకును రెండు చేతులా పట్టుకున్నాడు. ఇన్నేళ్ళూ తాను వాణ్ణి చూసి అన్నం మానేస్తే, తనకంటే ముందే వాడు మానేశాడన్నమాట! పాపం, ఒక్క ఉత్తరం ముక్కైనా రాశాడు కాదు. ఆయన మైకులో ఒకసారి కాదు, మూడుసార్లు "యాకూబ్‌ను నేనే!" అని అరిచాడు. చప్పట్లు మోగాయి.

ముందు వరుసలోంచి బిల్కీస్ నెమ్మదిగా లేచింది.

"అమ్మా వందనా, యాకూబ్ గురించి రాసింది అంత నిజమేనా?"

"ఒక్క ముక్క కల్పన లేదు మేడం. ఓంప్రకాశ్ సార్ గురించే కల్పించి రాసిన. యాకూబ్ ముచ్చట్లన్ని ఆయన చెప్పినయే."

"అయితె పన్నెండో అధ్యాయం గూడ నిజమే. యాకూబ్ మిషన్ కాంపౌండ్ గేటుకు ఒక్క ఎండకాలంల ఆరుసార్లు రంగేసుడు."

బాలమల్లు చారలు ఊగేలా నవ్వాడు. "గా గేటు ముచ్చట గూడ రాసిండ్రా! నర్సు ఎలీసబెతు సిస్టర్ దవఖాన డ్యూటీకి గా గేటులకెల్లే గద పోతుండె!"

బిల్కీస్ కళ్ళజోడు తీసి మొగుడి వంక చూసింది. వారం నుంచి చూస్తున్న చూపే అది. దాని అర్థం అజీముద్దీన్‌కు ఇప్పుడు తెలిసింది.

"గా ఎండకాలం నాటికి మన మంగ్నీ అయి, ఉంగరాలు మార్చుకొని మూడు నెలలు," అంది ఆమె.

"బేగం, జర ఆగు... నవలంటె అంత కల్పనే గద!"

"అంతనా? పులి గూడనా?"

అజీముద్దీన్ ఒకసారి పులి వంక చూశాడు. ఒకసారి బిల్కీస్ వంక చూశాడు. తర్వాత గొంతు సవరించుకుని, ఆ పులిని ఓంప్రకాశే గీశాడని మైకులో ఒప్పుకున్నాడు.