చెంచయ్య చెవి మిషను

ఒక పెద్ద అడవిలో కాపలా ఉద్యోగం చేసే కుందేలుకి చెవుడు వచ్చింది.

ఆ కుందేలు పేరు చెంచయ్య. వేటగాళ్ల జీపు చప్పుడు అందరికన్నా ముందు విని, వెనక కాలితో నేలని దబదబా కొట్టి అడవిని హెచ్చరించడం అతని పని. వయసు మీదపడ్డాక అంతంత చెవులూ అలంకారానికే మిగిలాయి. అడవి పంచాయతీ వాళ్లు ఒక చెవి మిషను ఇప్పించారు. దాంతో ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాడు.

వానాకాలం వెళ్లేసరికి మిషను గరగరలాడి మూగబోయింది. లోపల తడి చేరింది. విప్పి తుడిస్తే చాలు. విప్పాలంటే నాలుగు స్క్రూలు తియ్యాలి. ఒక్కొక్కటి ఆవగింజలో సగం ఉంటుంది.

చెంచయ్య భార్య మంగతాయి దాన్ని కొంగున కట్టుకుని, మొగుణ్ణి వెంటబెట్టుకుని మరమ్మతు శాఖకి వెళ్లింది.

ఆ శాఖలో ఇద్దరే ఉద్యోగులు. ముళ్లపంది పేరయ్య, కోతి రమణబాబు. ఇద్దరికీ పడదు. పేరయ్య చేతి స్క్రూడ్రైవర్ తప్ప ఇంకోటి ముట్టడు. రమణబాబు పక్క అడవిలో ఎలక్ట్రిక్ స్క్రూడ్రైవర్ చూసొచ్చినప్పటి నుంచీ చేత్తో ఒక్క మర కూడా తిప్పడం లేదు.

"చిన్న స్క్రూ అంటే పసిబిడ్డ లాంటిదమ్మా. చేత్తో తిప్పితేనే అది ఎక్కడ బిగిసిందో వేలికి తెలుస్తుంది. మోటారుకి ఏం తెలుస్తుంది?" అన్నాడు పేరయ్య.

"ఆయన వేలికి తెలిసేలోపు మనకి తెల్లారిపోతుందక్కా! మీట నొక్కితే బుర్రుమని ఊడొస్తుంది. శాఖ వాళ్లు కొనిపెట్టకపోతే నేనేం చెయ్యను?" అన్నాడు రమణబాబు.

"బాబూ, ఏదో ఒకదాంతో విప్పండి. వేటగాళ్లు వచ్చే రోజులు" అంది మంగతాయి.

"విధానం తేలకుండా ఎలా విప్పుతాం?" అన్నారు ఇద్దరూ ఒక్కసారే. వాళ్లు ఏకీభవించిన మాట అదొక్కటే.

సంగతి పంచాయతీ అధ్యక్షుడు ఏనుగు భద్రయ్య దగ్గరికి వెళ్లింది. భద్రయ్య మంచివాడే కానీ, ఏదైనా తేల్చమంటే ఆయనకి ఎక్కడలేని ఆకలీ వేసేది. రెండు చెరకు గడలు నమిలి, "లోకనాథం, నువ్వు చూడవయ్యా" అని కార్యదర్శికి అప్పగించాడు.

నక్క లోకనాథం కళ్లు మెరిశాయి. అతని బావమరిది కొత్తగా ఎలక్ట్రిక్ స్క్రూడ్రైవర్ల వ్యాపారం పెట్టాడు. ఒక్కటీ అమ్ముడుపోలేదు.

"అధ్యక్షా, బహిరంగ పోటీ పెడదాం. జనం ముందు ఏది గెలిస్తే అదే శాఖంతటికీ కొందాం. రేపు మనల్ని ఎవరూ వేలెత్తి చూపరు" అన్నాడు.

వేలెత్తి చూపరన్న మాట భద్రయ్యకి బాగా నచ్చింది.

మైదానంలో వేదిక కట్టారు. బావమరిది పంపిన సరుకు పెట్టెనిండా తెచ్చి ముందువరసలో పెట్టారు. బల్ల మీద చెవి మిషను. బల్ల పక్కన, అసలు యజమాని కాబట్టి, చెంచయ్యని నిలబెట్టారు. అతనికి ఒక్క ముక్కా వినపడదు. ఎవరు తనవైపు చూస్తే వాళ్లకి దండం పెడుతున్నాడు.

నాలుగు స్క్రూల్లో చెరి రెండు. ముందు రమణబాబు. అతను పెట్టెలోంచి ఒక స్క్రూడ్రైవర్ తీసి, మొనలు నాలుగు బుగ్గలో దోపుకుని, ఒకటి తగిలించాడు.

"మెల్లగా తిప్పే మీట కూడా ఉందండీ. చిన్నవాటికి అదైతే..." అని గొణిగాడు.

"మెల్లగా తిప్పితే ఇక మోటారు ఎందుకయ్యా? జనం చూస్తున్నారు, స్పీడు పెంచు!" అన్నాడు లోకనాథం.

బుర్రుమంది. మొదటి స్క్రూ గాల్లోకి ఎగిరి గడ్డిలో మాయమైంది. జనం చప్పట్లు కొట్టారు. రెండోసారి బుర్రుమంది. ఈసారి స్క్రూ కదల్లేదు. దాని నెత్తిన ఉన్న గాడి అరిగి, నున్నగా తయారైంది. జనానికి అంత దూరం నుంచి తేడా తెలియక మళ్లీ చప్పట్లు కొట్టారు.

"ఇప్పుడు చూడండి, అనుభవం అంటే ఏమిటో" అని పేరయ్య లేచాడు. తన పాత స్క్రూడ్రైవర్ని మూడుసార్లు తుడిచి, కళ్లకి అద్దుకుని, స్క్రూ మీద పెట్టాడు. అది ఆ గాడిలో పట్టదు. లావెక్కువ. ఆ సంగతి అతనికి వెంటనే తెలిసింది. కానీ అంతమంది ముందు, అందులోనూ కోతి ముందు, సైజు తప్పని ఎలా ఒప్పుకుంటాడు? బలంగా నొక్కాడు. జారి మిషను మీద పొడుగ్గా గీత పడింది. ఇంకా బలంగా నొక్కాడు. ఈసారి జారి తన చేతికే గుచ్చుకుంది.

"చేతిదే మేలు!" అని సగం మంది, "కరెంటుదే మేలు!" అని సగం మంది అరుపులు లంకించుకున్నారు. మైకులో లోకనాథం, అతన్ని మించి పేరయ్య. గెలిచానని చూపించడానికి రమణబాబు ఉత్తినే మోటారు తిప్పుతున్నాడు. మైదానమంతా హోరు.

సరిగ్గా అప్పుడు చెంచయ్య అరికాళ్ల కింద నేల సన్నగా అదిరింది.

ఆ హోరు అతనికి లేదు. అందుకని ఆ అదురు ఒక్కటే తెలిసింది. కాలెత్తి వేదికని దబదబా బాదాడు.

"చూశారా! లబ్ధిదారుడు ఎలక్ట్రిక్‌కే ఓటు వేశాడు!" అన్నాడు లోకనాథం.

"కళ్లు కనపడవా? ఆయన నావైపు చూసి కొట్టాడు!" అన్నాడు పేరయ్య.

చెంచయ్య ఇంకా గట్టిగా బాదాడు. "పిచ్చాళ్లారా, అది ఓటు కాదు, జీపు!" అని మంగతాయి కేక పెట్టింది. భద్రయ్య తలెత్తి చూసేసరికి దారి చివర దుమ్ము లేస్తోంది. జన్మలో మొదటిసారి ఆయన ఎవర్నీ అడక్కుండా నిర్ణయం తీసుకున్నాడు. పరుగెత్తాడు.

వేటగాళ్లు వచ్చి చూస్తే ఖాళీ మైదానం, ఊగుతున్న మైకు. ఒక్క జంతువూ దొరకలేదు. పోతూ పోతూ బావమరిది సరుకు పెట్టె మాత్రం జీపులో వేసుకుపోయారు.

పరుగులో మిషనుని అందుకుంది మంగతాయి ఒక్కతే. ఇంటికి చేరేసరికి, వాళ్ల బొరియలో దూరబోయిన పేరయ్య గుమ్మంలో ఇరుక్కుని ఉన్నాడు. పైనున్న చెట్టు కొమ్మ మీద రమణబాబు వణుకుతున్నాడు. స్క్రూడ్రైవర్ ఇంకా చేతిలోనే ఉంది.

మంగతాయి ఇద్దర్నీ లాగి కూర్చోబెట్టింది.

"ఇక్కడ మైకు లేదు, అధ్యక్షుడు లేడు. ఇప్పుడు చెయ్యండి పని."

ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. రమణబాబు బుగ్గలోంచి మొనలు ఒక్కొక్కటే తీసి గాడిలో పెట్టి చూశాడు. మూడోది అతికినట్టు సరిపోయింది. మెల్లగా తిరిగే మీట నొక్కి రెండు స్క్రూలు తీశాడు. అరిగిపోయినదాని మీద పేరయ్య రబ్బరు ముక్క అడ్డుపెట్టి, చేత్తో అదిమి తిప్పాడు. అదీ వచ్చింది. తడి తుడిచారు. చివరి బిగింపు పేరయ్యకే వదిలేశాడు రమణబాబు.

"మీ వేలికి తెలుస్తుంది కదా, మీరే చూడండి."

"నువ్వు మొన భలే పట్టావోయ్" అన్నాడు పేరయ్య. ఆ మాట అనడానికి అతనికి చాలా కష్టమైంది.

చెంచయ్య మిషను పెట్టుకున్నాడు. మంగతాయి ఎదురుగా కూచుని, "వినపడుతోందా?" అంది మెల్లగా. అతను తలూపాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇల్లు కారుతోందని వానాకాలం చివరి నుంచీ మొత్తుకుంటున్నాను" అంది ఆవిడ.

"నువ్వు చెబుతున్నది అదా? నేను వంట ఎలా ఉందని అడుగుతున్నావనుకుని బాగుంది, బాగుంది అన్నాను!"

మర్నాడు పంచాయతీ అత్యవసరంగా సమావేశమైంది. వినపడే జంతువులన్నిటికీ తెలియని ముప్పు చెవిటి చెంచయ్యకి తెలిసింది కాబట్టి, ఇకముందు కాపలావాళ్లంతా విధిగా చెవులు మూసుకుని మాత్రమే పని చెయ్యాలని తీర్మానించారు. చెవి మిషన్లు రద్దు. మరమ్మతు శాఖకి ఉత్తమ సేవా పతకం ఇచ్చారు. స్క్రూడ్రైవర్ల మాట ఎవరూ ఎత్తలేదు.

లోకనాథం బావమరిది దూది వ్యాపారంలోకి దిగాడు.

నీతి: బాగుచెయ్యడం చేతకాకపోతే కంగారు పడొద్దు, పాడైనదాన్నే నిబంధన చేసెయ్యండి.