తాబేలు పాఠం, చల్లని గది

ఆ ఆదివారం పొద్దున హిమజ అనుకున్నది చిన్న పనే. మర్నాడు కాలేజీలో చెప్పాల్సిన జువాలజీ పాఠం ఒకసారి పైకి చెప్పుకోవడం, ఆ తర్వాత ప్రదీప్‌తో కలిసి నంద్యాల బజారుకు పోయి ఐస్‌క్రీం తినడం. పెళ్లయి ఏడాది కాలేదు. కడుపుతో ఉంది, మూడో నెల. ఐస్‌క్రీం మాట అనుకుంటేనే ఆమెకు పండగ.

"ఇసుక చల్లగా ఉంటే తాబేలు గుడ్ల నుంచి మగపిల్లలు, వెచ్చగా ఉంటే ఆడపిల్లలు," అని ఆమె గోడకు పాఠం చెబుతుంటే, వంటింట్లో గోరుచిక్కుడు తుంచుతున్న అత్తగారు కమలాక్షమ్మ చేతులు ఆగిపోయాయి.

ఎండలు మొదలైనప్పటి నుంచి హిమజ ఏసీ అడుగుతూనే ఉంది. కోడలికి ఏసీ ఏందని కొట్టిపారేసిన అదే కమలాక్షమ్మ ఆ సాయంత్రం షాపువాణ్ని వెంటబెట్టుకొని వచ్చింది. "పద్దెనిమిది దాటనియ్యొద్దు," అని కొడుక్కి చెప్పింది.

ఎందుకో హిమజకు అర్థమైంది. చెప్పబోయింది. అంతలో చల్లగాలి మెడమీద తగిలి నోరు మూసుకుంది. నంద్యాలలో, మే నెలలో, రగ్గు కప్పుకొని పడుకోవడమంటే మాటలా? రేపు చెబుదామనుకుంది. ఆ రేపు వానలు పడేదాకా రాలేదు.

ఈలోగా కమలాక్షమ్మ ఆళ్లగడ్డలో ఉన్న చెల్లెలు ఉమామహేశ్వరమ్మకు ఫోనులో ఈ రహస్యం చేరవేసింది. ఆమె కోడలు చందన కూడా గర్భిణే. ఆ ఇంట్లో ఏసీ లేదు. అందుకని చందనకు పూటపూటా చన్నీళ్ల స్నానం, పడుకుంటే ఒంటిమీద తడి దుప్పటి. ఒకరోజు ఆ పిల్లే ఫోను చేసింది. గొంతు పూడిపోయి ఉంది.

"అక్కా, పెద్ద సదువు సదివినావు, నువ్వే చెప్పు. తడిగుడ్డ ఇంకెన్ని నెల్లు కప్పుకోవల్ల? జరమొస్తాంది."

పద్దెనిమిదిలో కూర్చున్న హిమజకు చెమటలు పట్టాయి.

మర్నాడే అత్తగారితో కలిసి ఆళ్లగడ్డ బస్సెక్కింది. దగ్గుతున్న చందన మంచం పక్కన నిలబడి నిజమంతా చెప్పేసింది. తాబేలు గుడ్లకు ఇసుక వేడే దిక్కనీ, మనిషి కడుపులో వేడి ఏ ఏసీకీ మారదనీ, ఆడో మగో తండ్రి వైపు నుంచి మొదటే తేలిపోతుందనీ.

ఉమామహేశ్వరమ్మ చివరిదాకా విన్నది.

"మరి నువ్వేంటికి ఇన్నాళ్లు ఏసీలో పండుకుంటివి?"

"చల్లగుందని, చిన్నత్తా."

ఇంతకంటే నమ్మలేని జవాబు ఆ ఇంట్లో ఎవరూ వినలేదు.

"ఇంటివా అక్కా, నీ కోడలి తెలివి? తనకైతే మగపిల్లోడు కావల్ల. నా ఇంట్లో పుట్టగూడదంట."

కోడలివైపు చూసిన కమలాక్షమ్మ కళ్లలో మొట్టమొదటిసారి మెచ్చుకోలు కనబడింది.

వారంలోగా ఆళ్లగడ్డ ఇంట్లోనూ ఏసీ బిగించారు. చందనకు తడి దుప్పటి తప్పింది. హిమజ నిజం చెప్పి సాధించింది అదొక్కటే.

దీపావళి రోజుల్లో చందనకు కొడుకు పుట్టాడు. ఆ వెంటనే హిమజకు కూతురు. పాప గోళ్లు బియ్యపు నూకల్లా ఉన్నాయని హిమజ మురిసిపోతూ ప్రదీప్‌కు చూపించింది. కమలాక్షమ్మ ఆసుపత్రి గది గడప దగ్గరే ఆగి కొడుకును అడిగింది.

"ఆళ్లగడ్డోళ్లది ఏ కంపెనీదిరా?"

పాప ఇంటికొచ్చిన రోజు ఆ గదిలోకి అందరికంటే ముందు వచ్చిన చుట్టం, ఏసీ మెకానిక్కు.