ఆఖరి బండి మాట్లాడుతోంది, ఓవర్!

రోడ్డు మనిషిని చెడగొట్టింది! కోప్పడకండి, నిదానంగా వినండి. రోడ్డు ఉంటే ఏమవుతుంది? ఎక్కడికి పోతున్నామో తెలుస్తుంది. ఎప్పటికి చేరతామో తెలుస్తుంది. మలుపు దగ్గర బోర్డు ఉంటుంది, దాన్ని చదవాలి, కుడికో ఎడమకో తిప్పాలి, అంటే బుర్ర వాడాలి. వారమంతా బుర్ర వాడినవాడు ఆదివారం కూడా వాడాలా? ఇదెక్కడి న్యాయమండీ!

ఆ బాధ తీర్చడానికే ఇసుక దీవి ఉంది. అక్కడ రోడ్డు లేదు, బోర్డు లేదు, ఫోనుకు సిగ్నలు లేదు. పది జీపులు, ఒక లీడరు. బండికి రెండేసి వాకీటాకీలు, ఒకటి డ్యాష్‌బోర్డుకు బిగించింది, ఇంకొకటి కిందకు దిగి దారి చూపేవాళ్ల చేతికి. ముందువాడు ఎటు పోతే వెనకవాడు అటే పోతాడు. గిట్టనివాళ్లు దీన్ని గొర్రెదాటు అంటారు. తెలిసినవాళ్లు ఆఫ్‌రోడింగ్ అంటారు. గొర్రెలకు వాకీటాకీలు ఉంటాయా? మీరే చెప్పండి!

నమ్మకం కుదరకపోతే పళ్ల డాక్టరు గారి భార్య కథ వినండి. ఆవిడకు కూడా మొదట్లో నమ్మకం లేదు.

ముందు డాక్టరు గారి గురించి. మనిషి బంగారం. చెయ్యి తేలిక, పన్ను పీకితే పీకినట్టే తెలియదంటారు. కాకపోతే ఆయన వృత్తిలో ఒక చిక్కుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆయన ముందు కూర్చున్న ప్రతివాడూ నోరు తెరుచుకునే ఉంటాడు గానీ, ఒక్కడూ మాట్లాడలేడు. నోట్లో దూది, అద్దం, ఉమ్మి లాగే గొట్టం. ఈయన "ఎండలు మండిపోతున్నాయి కదా?" అంటాడు, వాడు "ఆఁ" అంటాడు. ఇరవై ఏళ్లుగా ఇవే కబుర్లు! దాంతో, ఎదుటివాళ్లు నోరు తెరిచేది పళ్లు చూపించడానికే అన్న అభిప్రాయం ఆయనలో గట్టిపడిపోయింది. ఇంట్లో భార్య నోరు తెరిచినా ఆయన చూపు దవడ మీదే. "ఊఁ" అంటాడు. అయిపోయింది.

ఆ వారం ఆవిడ దగ్గర చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. పెళ్లికి ముందు ఆవిడ రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియను. పాప పుట్టాక మానేసింది. ఇప్పుడు పాప హాస్టలుకు వెళ్లిపోయింది. ఊడ్చిన ఇల్లే ఊడ్చి, తుడిచిన గిన్నే తుడిచి విసుగెత్తి, ఎవరికీ చెప్పకుండా ఒక పెద్ద ల్యాబుకు అప్లై చేసింది. మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి పరీక్ష పెట్టారు. ఇన్నేళ్లయినా కన్ను తప్పలేదు. తీసుకున్నారు! సోమవారం పొద్దున్నే చేరాలి, రాకపోతే తర్వాతి మనిషిని పిలుస్తాం అన్నారు. ఆ రోజు ఆవిడకు బస్సులో సీటు దొరకలేదు. ఇంటిదాకా నిలబడే, తనలో తను నవ్వుకుంటూ వచ్చింది.

వచ్చీ రాగానే భర్తకు చెప్పింది. ఆయన హాల్లో టెంటు కర్రలు పరిచి చూసుకుంటున్నాడు. "ఊఁ" అన్నాడు. భోజనాల దగ్గర మళ్లీ చెప్పింది. "ఊఁ, మంచిది. మడతమంచం జీపు వెనక కడదామా, పైన కడదామా?" అన్నాడు. పడుకోబోయే ముందు ఇంకోసారి చెప్పింది. అప్పటికే గురక. గోడకు చెప్పుకున్నా కాస్త సున్నమైనా రాలేది!

పోనీ ఈ శని ఆదివారాలు తను దీవికి రానంటే? "అమ్మో! బండికి ఇద్దరు ఉండి తీరాలి, కెప్టెను ఒప్పుకోడు," అన్నాడు. ఆదివారం సాయంత్రం దీవి నుంచి ఆఖరి పడవ ఉంది, అందులో బండ్లు కూడా ఎక్కించుకుని తెస్తారు, రాత్రికి ఇల్లు చేరొచ్చు కదా అని ఆవిడ సరిపెట్టుకుంది. ఆ పడవ తప్పితే మళ్లీ సోమవారం మధ్యాహ్నమే. ఉద్యోగానికి నీళ్లు వదులుకోవాల్సిందే.

ఇక కెప్టెను గారు, అంటే ఆ పది జీపుల లీడరు. ఊళ్లో ఆయనకు టైల్స్ షాపు. షాపులో ఆయన మాట వినే నాథుడు లేడు. బూడిదరంగు హుందాగా ఉంటుందమ్మా అంటాడు, వచ్చినవాళ్లు పువ్వుల డిజైను పట్టుకుపోతారు. ఇంట్లో సంగతి అడక్కండి. అలాంటి మనిషికి టోపీ పెట్టి, జీపుకు ఎర్రజెండా కట్టి, వెనక తొమ్మిది బండ్లను నిలబెట్టారు. ఇసుకలో దిగబడకుండా అందరూ టైర్లలో సగం గాలి తీసేశారు. ఆ గాలి ఎక్కడికి పోయిందో కెప్టెను గారి ఛాతీ చూస్తే తెలిసిపోయింది.

వాళ్ల క్లబ్బు పేరు 'ఇసుక పులులు'. పులులకు రూల్సు గట్టివి. లీడరును దాటరాదు. లైను తప్పరాదు. ముందు బండి చక్రాలు పోయిన గాడిలోనే వెనక బండి పోవాలి. ఎవరికి వారు దారి వెతకడం మహాపాపం. డాక్టరు గారిది పదో బండి, అంటే తోక. 'టెయిల్' అని పిలిచేవారు. ఎప్పటికైనా తొమ్మిదో బండి కావాలన్నది ఆయన జీవితాశయం.

శనివారం క్యాంపింగు మహాసుఖంగా జరిగింది. మూడు బెడ్‌రూముల ఇల్లు వదిలి, మడతమంచం మీద కాళ్లు ముడుచుకుని పడుకోవడంలో ఉన్న సుఖం ఇంటిపట్టున ఉండేవాళ్లకేం తెలుస్తుంది? అన్నంలో ఇసుక, కాఫీలో ఇసుక, చెవుల్లో ఇసుక. ప్రకృతికి దగ్గరగా పోదామనుకుంటే ప్రకృతే బనియన్లోకి వచ్చేసింది. టెంటు వేశాక నాలుగు కర్రలు మిగిలాయి. అవి ఎక్కడివో ఎవరికీ అర్థం కాలేదు. తెల్లారేసరికి టెంటు మొహం మీదకు దిగాక అర్థమైంది.

ఆదివారం మధ్యాహ్నం దాటాక కెప్టెను గొంతు వాకీటాకీ డబ్బాలోంచి మోగింది. "పులులూ, రేవుకు బయల్దేరుతున్నాం. నా వెనకే రండి. ఓవర్."

"కాపీ, ఓవర్!" అన్నాడు డాక్టరు, విన్నానని పులుల భాషలో. ఆ గొంతు వింటే చాలు, ఆయన వెన్ను నిటారుగా అయిపోతుంది.

వచ్చేటప్పుడే ఆవిడ ఒకటి గమనించి పెట్టుకుంది. పడవ ఆగే రేవు పక్కన ఎర్ర రంగు వేసిన నీళ్ల ట్యాంకు ఉంది, ఇసుక దిబ్బల మీదుగా దాని నెత్తి కనబడుతుంది. కాసేపటికి ఎడమ పక్కన అది కనబడింది. అమ్మయ్య అనుకుంది. బండ్లు అటు తిరగలేదు, నేరుగా పోయాయి. కెప్టెను గారికి ఏదో దగ్గర దారి తెలుసు కాబోలు అనుకుని ఊరుకుంది. చాలాసేపటికి మళ్లీ ఎడమ పక్కనే ఎర్ర ట్యాంకు!

"ఏవండీ, ఆ ట్యాంకు మళ్లీ వచ్చింది. మనం తిరిగిన చోటే తిరుగుతున్నాం."

"ఊఁ."

అదే సమయానికి డబ్బా మోగింది. "పులులూ, శుభవార్త! ఇసుకలో చక్రాల గుర్తులు కనబడ్డాయి. తాజాగా ఉన్నాయి. మనకన్నా ముందు ఎవరో రేవుకే పోయి ఉంటారు. ఆ గాడిలోనే పోదాం. ఓవర్."

"చూశావా, కెప్టెను అంటే ఆయన!" అన్నాడు డాక్టరు. "ఆవులిస్తే పేగులు లెక్కపెడతాడు."

ఆవిడకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆ గుర్తులు ఎవరివి? వీళ్లవే! ఇక్కడే మీరు లీడరు మహిమ గ్రహించాలి. మామూలు మనిషి దారి తప్పితే అడవిలో పడతాడు. లీడరు దారి తప్పినా తన అడుగుజాడల్లోనే నడుస్తాడు. అంతకన్నా నిలకడ ఇంకేముంటుంది?

కాసేపు అలా పోయాక డాక్టరు గారు అద్దంలో చూసి ఎగిరి గంతేసినంత పని చేశాడు. "ఇదిగో, మన వెనక ఎవరో వస్తున్నారు! చూశావా? ఇక మనం ఆఖరు కాదు!"

ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. దుమ్ములోంచి రెండు లైట్లు, వాటి పైన రెపరెపలాడుతూ ఎర్రజెండా.

"ఏవండీ, అది మన కెప్టెను గారి బండి."

"ఊఁ, వాళ్లకీ మనలాగే దారి తెలియదనుకుంటా. పాపం, రానీ."

డబ్బా మళ్లీ మోగింది. "పులులూ, ముందున్న బండిని అందుకున్నాను. తెల్ల జీపు, వెనక మడతమంచం కట్టి ఉంది. నడిపేవాడు గట్టివాడు. ఒక్కసారి కూడా తడబడటం లేదు. దీవి గురించి బాగా తెలిసినవాడిలా ఉన్నాడు. ఆయన్నే నమ్ముకుందాం. ఓవర్."

"విన్నావా? ముందు ఎవరో మహానుభావుడు ఉన్నాడట!" అన్నాడు తెల్ల జీపు డాక్టరు గారు.

అలా పది బండ్లు గానుగెద్దుల్లా గుండ్రంగా తిరిగాయి. మొదటివాడు ఆఖరివాణ్ణి నమ్ముకున్నాడు, ఆఖరివాడు మొదటివాణ్ణి నమ్ముకున్నాడు. మధ్యలోవాళ్లకు అసలు సందేహమే రాలేదు. ఇంత నమ్మకం, ఇంత ఐకమత్యం రోడ్డు మీద ఎప్పుడైనా చూశారా? ప్రతివాడూ హారన్ కొట్టి పక్కవాడి తాతముత్తాతలను తలుచుకునేవాడే కదా!

ఎడమ పక్కన ఎర్ర ట్యాంకు మూడోసారి వచ్చింది. పొద్దు వాలిపోతోంది. రేవులో పడవ కూత వేసింది, ఇంకాసేపట్లో బయల్దేరుతుందన్నమాట.

"ఏవండీ, మీకు దణ్ణం పెడతాను, ఎడమకు తిప్పండి. రేపు నేను డ్యూటీలో చేరాలి. ఈ పడవ పోతే ఉద్యోగం పోతుంది."

"ఊఁ," అన్నాడాయన, అద్దంలో వెనక బండి వైపు చూసుకుని మురిసిపోతూ.

ఆవిడకు కోపం వచ్చింది. ఇరవై ఏళ్లలో రానంత కోపం. అరుద్దామనుకుంది. అరిస్తే ఏం లాభం? అరిచినవాళ్లందరికీ ఆయన మత్తు సూది ఇస్తాడు. తన ఒళ్లో ఉన్న రెండో వాకీటాకీ తీసి, బటన్ నొక్కింది. ముందు కీచుమంది. తర్వాత డ్యాష్‌బోర్డు డబ్బాలోంచి గరగరమంటూ ఆవిడ గొంతే వచ్చింది.

"ఆఖరి బండి మాట్లాడుతోంది. ఓవర్."

డాక్టరు గారి వెన్ను నిటారైంది. పెదవుల మీద వేలు పెట్టి, భార్య వైపు తిరిగి, "ష్! ఎవరో మాట్లాడుతున్నారు, విననీ," అన్నాడు.

"కెప్టెను గారూ, మీ ముందున్న తెల్ల జీపు మాదే. మీ తోక మీరే పట్టుకుని తిరుగుతున్నారు. రేవు ఎర్ర ట్యాంకు పక్కన ఉంది. రేపు పొద్దున నేను ల్యాబులో ఉద్యోగానికి చేరాలి. పాప పుట్టాక మానేశాను, మళ్లీ ఇన్నేళ్లకు వచ్చింది. నాకు ఈ పడవ దొరికి తీరాలి." ఆవిడ బటన్ వదల్లేదు. "ఆఖరి బండి, ఎడమకు తిప్పు. ఓవర్."

"కాపీ, ఓవర్!" అన్నాడు డాక్టరు గారు. స్టీరింగు గిర్రున ఎడమకు తిప్పేశాడు.

ఆవిడ నోరు తెరుచుకునే ఉండిపోయింది.

"టెయిల్, ఇది రూల్సుకు విరుద్ధం!" అని కెప్టెను కేక వేశాడు. "లైను తప్పరాదు! ఎవరూ కదల..." అంతలో అదే డబ్బాలోంచి ఇంకో గొంతు. "మీరు కాస్త ఊరుకుంటారా? ఆ ట్యాంకు నేనూ చూశాను, చెబితే విన్నారా? వదినా, మీ వెనకే వస్తున్నాం, పోనివ్వండి. ఉద్యోగం వచ్చినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది వదినా. ఓవర్." అది కెప్టెను గారి భార్య. ఆ తర్వాత వరసగా అన్ని బండ్లలోంచీ ఆడగొంతులే. కంగ్రాట్స్ అని ఒకరు, ఏ ల్యాబు అని ఒకరు, అక్కడ ఇంకా ఖాళీలున్నాయా అని ఇంకొకరు!

పడవవాడు బండ్లు ఎక్కే పలక ఎత్తబోతుంటే పది జీపులూ దుమ్ము రేపుకుంటూ వచ్చిపడ్డాయి. అన్నీ ఎక్కాయి. కెప్టెను దిగి, టోపీ సర్దుకుని, "చూశారుగా! ముందుండి ఎవడైనా నడిపిస్తాడు. వెనకుండి నడిపించడంలోనే ఉంది నాయకత్వం," అన్నాడు. పులులు చప్పట్లు కొట్టాయి. నేను మొదట్నుంచీ చెబుతున్నది కూడా ఇదే. లీడరుకు ఓటమి ఉండదు!

పడవలో అందరూ ఆవిడ చుట్టూ చేరారు. కెప్టెను భార్య ఆవిడ చెయ్యి పట్టుకుని వదల్లేదు. డాక్టరు గారు కూడా అందరితో పాటు నవ్వుతూ నిలబడ్డాడు. జనం కాస్త పలచబడ్డాక ఆవిడ పక్కకు వచ్చి, నిజంగానే మనసు నొచ్చుకుని అడిగాడు.

"ఇంత పెద్ద సంగతి ఊరందరికీ చెప్పావు. నాకొక్కడికి ఇంట్లో చెప్పకూడదూ?"

"చెప్పానండీ. మూడుసార్లు చెప్పాను. రేపు పొద్దున్నే వెళ్లాలి, సాయంత్రం దాకా ఉండను, ఇకనుంచి రోజూ ఇంతే అని అన్నీ చెప్పాను." ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఇప్పుడైనా వింటున్నారా?"

డాక్టరు గారు ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు. ఎంతో శ్రద్ధగా, ఆవిడ చెప్పిందంతా అయ్యేదాకా తలూపాడు. తర్వాత గాలికి ఎగురుతున్న ఆవిడ జుట్టు సర్ది, ప్రేమగా అడిగాడు.

"రేపు పొద్దున జీపు కడగడానికి మనిషి వస్తానన్నాడు. నువ్వు ఇంట్లోనే ఉంటావు కదా?"