ముఖం మీద ముద్ర

ఆ ఉదయం గుమాస్తా ఆలోచన చాలా చిన్నది. పోస్టాఫీసులో ఉత్తరాలకు ముద్రలు కొట్టే పని మధ్యాహ్నానికల్లా ముగించి, బస్టాండుకు వెళ్ళి భార్యను ఇంటికి తీసుకురావాలి. ఆమె పుట్టింటికి వెళ్ళి నెల దాటింది. మాటా మాటా పెరిగి చెయ్యి జారిందని అతను మావగారికి ఫోనులో చెప్పుకున్నాడు. జారిన చెయ్యి ఆమె చెంప మీదే ఎందుకు పడిందో మావగారు అడగలేదు. "ఒకసారి వచ్చి చూస్తానంది. ఆపైన దాని ఇష్టం," అన్నాడు.

ఉత్తరాల సంచి విప్పాడు. ఆ వారమే కొత్త స్టాంపులు వచ్చాయి. అన్నీ పాతకాలపు చిత్రకారులు వేసిన రూపచిత్రాలు. గడ్డం దొర, బట్టతల వర్తకుడు, వీణ్ణి నమ్మొద్దన్నట్టు చూసే ముసలామె. అందరి ముఖాల మీదా ముద్ర టపటపా పడింది. తర్వాతి కవరు మీద నీలం శాలువా కప్పుకున్న స్త్రీ. ఏదో అనబోయి మానుకున్నట్టు పక్కకు తిరిగి ఉంది. అతని చెయ్యి గాలిలో ఆగింది. వెళ్ళిన రోజు గడప దాటుతూ తన భార్య అలాగే తిరిగింది.

ముద్ర కవరు కింది మూలన కొట్టాడు. ఆమె ఉన్న ప్రతి కవరుకూ మూలనే. తనలో ఏదో మెత్తబడుతున్నట్టు తోచింది. ఆ మెత్తదనం చూసుకుని లోలోపల మురిసిపోయాడు. పశ్చాత్తాపం ఇంత సుఖంగా ఉంటుందని అతనికి అంతవరకూ తెలియదు.

"ఏంటి బావా, ఆవిడకి తగలకుండా కొడుతున్నావ్?" పక్క బల్లాయన అడిగాడు.

"సరిగ్గా చూడు. మీ చెల్లెలిలా లేదూ?"

బావా అన్న పిలుపుతోనే అన్నగారైన అతను ఆ చెల్లెల్ని ఎన్నడూ చూసి ఎరగడు. "అచ్చు గుద్దినట్టుంది!" అన్నాడు.

ఆ పోలిక కౌంటరు దాటేసరికి గుమాస్తాగారి భార్య బొమ్మే స్టాంపు మీద వేశారని అయింది. "ఆ గడ్డపాయన నాకొద్దు, మన గుమాస్తాగారి ఆవిణ్ణివ్వండి," అన్నారు జనం. క్యూలో ఒక పెద్దావిడకు సందేహం వచ్చింది. "బతికున్నవాళ్ళని స్టాంపుల మీద వెయ్యరుగా? అయితే పోయిందన్నమాట, పాపం!"

వరసగా వచ్చి ఓదార్చడం మొదలుపెట్టారు. మొదట కాదని చెప్పబోయాడు. కానీ అంతమంది తన భుజం తట్టి ఎన్నేళ్ళయింది! కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. బస్సు వేళ దాటిపోయింది.

మూలన ముద్ర పడ్డ కవర్లు పట్టుకుని పోస్టుమాస్టరు ఊడిపడ్డాడు. "ఏంటయ్యా ఇది? ఈ స్టాంపులు ఊడదీసి మళ్ళీ అంటిస్తే ఎవడు జవాబు చెప్తాడు?" ఎవరో ఆయన చెవిలో ఏదో ఊదారు. ఆయన గొంతు తగ్గింది. "సరేలే. పోయినవాళ్ళ మొహం మీద కొట్టడం కష్టమే. కానీ డ్యూటీ కదా, కళ్ళు మూసుకుని కొట్టెయ్."

అప్పటికే గుమ్మంలో ఒకామె సంచితో నిలబడి ఉంది. బస్టాండులో ఎదురుచూసి చూసి నడిచొచ్చింది. "ఎవరండీ పోయింది?" అని అడిగింది.

"ఆ గుమాస్తా భార్యమ్మా," అంది పెద్దావిడ కళ్ళు తుడుచుకుంటూ. "ఎంత ప్రేమో! బొమ్మని కొట్టడానికి కూడా చెయ్యి రావట్లేదు."

"అలాగా? బతికున్నప్పుడు బాగానే వచ్చిందే."

అతను తలెత్తాడు. ఏడుపు ముఖాన్ని నవ్వు ముఖంగా మార్చడానికి వ్యవధి చాలలేదు. "నువ్వా... చూడు, నిన్నే తలుచుకుంటూ..."

ఆమె కౌంటరు చుట్టూ తిరిగి వచ్చింది. నీలం శాలువా స్త్రీని కాసేపు చూసింది. పోలిక ఏమీ లేదు. అతని చేతిలోని ముద్ర తీసుకుని, సిరా అద్ది, ఆ ముఖం మీద ఒక్కటి కొట్టింది. బల్ల అదిరింది.

"దీనికి నొప్పి తెలీదు. దీన్ని కొట్టుకోండి," అని సంచి ఎత్తుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

పోస్టుమాస్టరు ఆ కవరు ఎత్తి వెలుతురులో తిప్పి చూశాడు. తేదీ స్పష్టంగా ఉంది, గుండ్రం ఎక్కడా తెగలేదు.

"చూశారుగా," అన్నాడు సిబ్బందితో, "ముద్రంటే ఇలా పడాలి."